ఎడమ నుంచి మొదటి సీసా

పూలకొట్టావిడని మా ఇంటికి పిలిచింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నయం. లేకపోతే కథంతా విన్నాక నిన్నెవరు పిలవమన్నారు అని మీరే అడుగుతారు. ఎవరూ పిలవమనలేదు. మా వీధి చివర కొత్తగా కొట్టు పెట్టింది, ఒంటరి మనిషి, మాట మంచిగా ఉంది, ఆదివారం సాయంత్రం మా ఇంట్లో పాత సినిమా వేస్తాం రమ్మన్నాను. వచ్చింది. వెళ్తూ వెళ్తూ చెప్పులేసుకుంటూ, "అక్కా, రంగుల విషయంలో మీ ఆయనది ఎంత మంచి కన్ను" అంది. నాకన్నా మహా అయితే రెండేళ్ళు చిన్నదేమో, అక్కా అట. ఒళ్ళు మండడం అక్కడే మొదలైంది.

మా ఇంట్లో పాత సినిమా అంటే ఊరికే కూర్చుని చూసేది కాదు. నలుపు తెలుపు సినిమాలే వేస్తాం. తెర మీద వాళ్ళు ఏం తింటే మా చేతుల్లో అదే ఉండాలి, వాళ్ళు ఏం తాగితే మా గ్లాసుల్లో అదే ఉండాలి. హీరో రైల్లో కూర్చుని గుడ్డు ఒలుస్తుంటే సోఫాలో మేమూ గుడ్లు ఒలుస్తుంటాం. అతను ఎండు రొట్టె సూపులో ముంచుకుంటే మేమూ ముంచుకుంటాం. ఒకసారి సినిమా సగానికి పైగా జైల్లోనే నడిచింది. ఆ రోజు మా తమ్ముడు కడుపు మాడ్చుకుని ఇంటికెళ్ళాడు. ఇకమీదట జైలు సినిమా అయితే ముందే కబురు చెయ్యి అక్కా, తినేసి వస్తాను అన్నాడు.

వంట నా పని, మందు మా ఆయన పని. అసలు సరదా అంతా మందు దగ్గరే. తెర మీద ఎవరైనా గ్లాసు ఎత్తగానే సినిమా ఆపేస్తాం. ఆ గ్లాసులో ఉన్నది ఏ రంగు? తెర మీద కనిపించేది వట్టి బూడిద రంగు. ఒకరు పసుపంటారు, ఒకరు నీలం అంటారు, మా తమ్ముడు ప్రతిసారీ నలుపంటాడు. ఈలోపు మా ఆయన వంటగదిలోకి వెళ్ళి కాక్‌టెయిల్ కలిపి, పళ్ళెం మీద గుడ్డ కప్పి తీసుకొస్తారు. చీకట్లోనే నిలబడి, గొంతు సవరించుకుని, ఇది ఫలానా రంగు అని తీర్పు చెప్తారు. అప్పుడు లైటు వేసి గుడ్డ తీస్తాం. ఆయన చెప్పిన రంగు గ్లాసుల్లో మెరుస్తుంటే అందరూ చప్పట్లు కొడతారు. బూడిద రంగు చూసి అసలు రంగు పసిగట్టే మనిషని ఆయనకి 'రంగుల మాస్టారు' అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు లోపల్లోపల నవ్వొచ్చేది, ఎందుకంటే మా ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు.

ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. నేను కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. రైలు డ్రైవరు ఉద్యోగానికి ముందు ఒకసారి చూపించుకుందామని ఆయన మా షాపుకి వచ్చారు. వాళ్ళ నాన్న డ్రైవరు, తాత డ్రైవరు, తనూ డ్రైవరే అవుతానన్న ధీమాతో కుర్చీలో కూర్చున్నారు. నేను రంగు చుక్కల బొమ్మ ముందు పెట్టాను. చుక్కల మధ్యలో ఒక అంకె ఉంటుంది, మామూలు కంటికి ఇట్టే కనిపిస్తుంది. ఆయన దాన్ని దగ్గరికి తెచ్చుకుని చూశారు, దూరంగా పెట్టి చూశారు. చివరికి ఇందులో ఏముందండీ అని అడిగారు. అంకె ఉంది అన్నాను. మళ్ళీ ఒకసారి చూసి, బొమ్మ నా చేతికిచ్చేసి, "మీరు ఉందంటే ఉన్నట్టే" అన్నారు. ఉద్యోగం పోయిందని తెలిసిన మొహంతో ఆ మాట అన్నారు. నేను ఆ మాటకే పడిపోయాను.

తర్వాత రైల్వేలోనే టైంటేబుల్ వేసే ఆఫీసులో చేరారు. డ్రైవరు ఎందుకు కాలేదని ఎవరడిగినా రాత్రి డ్యూటీలు పడవని చెప్పేవారు. మా మామగారికి కూడా అదే చెప్పారు. కొడుకు బద్ధకస్తుడని ఆ పెద్దాయన చివరిదాకా సణుగుతూనే ఉన్నారు, ఈయన నోరు విప్పలేదు. లోపం ఉందని చెప్పుకోవడం కన్నా బద్ధకస్తుడు అనిపించుకోవడమే ఆయనకి తేలిక.

నలుపు తెలుపు సినిమాలంటే ఆయనకి ఎందుకంత పిచ్చో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. అక్కడ అందరికీ కనిపించేదే ఆయనకీ కనిపిస్తుంది.

రోజూ పొద్దున్నే బీరువా దగ్గర నిలబడి, "ఇదేం రంగోయ్?" అని కేకేస్తారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే నేను వెళ్ళి చెప్తాను. టమాటాలు పండాయో లేదో నేనే చెప్పాలి. మా పెళ్ళిరోజుకి నాకు కొనే బట్టల రంగు కూడా నేనే ఆయనకి చెప్పాలి. మిగతా ఆడవాళ్ళు మొగుడి జీతం తమ చేతిలో ఉందని గొప్పలు పోతారు. నా చేతిలో మా ఆయన లోకంలోని ఎరుపూ ఆకుపచ్చా ఉండేవి. అంతకన్నా ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

సినిమా రోజున మా ఏర్పాటు ఇలా ఉండేది. నిమ్మరసం, పంచదార కలిపి నేనే పాకం కాస్తాను. దాన్ని ఒకేలాంటి సీసాల్లో పోసి, వంటల్లో వేసే రంగు ఒక్కో దాంట్లో ఒక్కోటి కలుపుతాను. రుచీ వాసనా అన్నిట్లో ఒకటే, రంగు ఒక్కటే వేరు. వాటిని వంటగది గట్టు మీద వరసగా పెడతాను. ఎడమ నుంచి మొదటిది ఎరుపు, దాని పక్కది ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు, చివర నీలం. ఎప్పుడూ ఇదే వరస. నేను దగ్గర నిలబడి మొదటిది అంటాను, మూడోది అంటాను. ఆయన జిన్, సోడా పోసి, నేను చెప్పిన సీసా వంచుతారు. తీర్పు ఆయన నోటి నుంచి వచ్చేది, రంగు నా నోటి నుంచి వచ్చేది. ఆ చిన్న వంటగదిలో, అవతల జనం గోల చేస్తుంటే, మేమిద్దరం దొంగల్లా గుసగుసలాడుకుంటుంటే నాకు కొత్త పెళ్ళికూతురినన్నట్టు ఉండేది.

అలాంటి చోటికి పూలకొట్టావిడ వచ్చింది.

ఆవిడ వచ్చాక సినిమా రోజున బల్ల మీదికి పూలు కావాల్సొచ్చాయి మా ఆయనకి. అంతకుముందు లేనే లేదు ఆ ముచ్చట. ఆఫీసు నుంచి వస్తూ ఆ కొట్టు దగ్గర ఆగడం, ఓ కట్ట పట్టుకుని రావడం. వచ్చి, "ఇవి ముదురు ఎరుపట. వీటి పక్కన తెల్లవి పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయట" అనేవారు. ప్రతి మాట చివరా ఒక 'అట'. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఎరుపు నేను చెప్పాలి, ఇప్పుడు ఎవరో చెప్పింది ఆయన నాకు చెప్తున్నారు. ఆ పూలని పైకి మెచ్చుకుని, కూజాలో గట్టిగా కుక్కేదాన్ని.

మనిషి చెడ్డదా అంటే కాదు, అదే నా ఖర్మ. చెడ్డదైతే తిట్టుకోవడానికి వీలుండేది. చేతికి ఎప్పుడూ రబ్బరుబ్యాండ్లు తొడుక్కుని తిరిగేది, పూలకట్టలకి వేసేవి. గాజులు లేవు, నగలు లేవు, ఆ రబ్బరుబ్యాండ్లే. అవి కూడా ఆవిడకి అందంగా ఉండేవి. ఇంటికొస్తే ఖాళీగా కూర్చోదు. నా వంటగదిలోకి నాకన్నా ముందే దూరి ఉల్లిపాయలు తరిగేది. నవ్వితే మా ఆఫీసు పెద్దాయన కూడా నవ్వేవారు, ఆయన మామూలుగా నవ్వే రకం కాదు. మా ఆఫీసు అంటే మా ఆయన ఆఫీసు. మా మామగారి దగ్గర పని నేర్చుకున్న మనిషి, ఇప్పుడు మా ఆయనకి పై అధికారి.

కిందటి నెల ఆ పెద్దాయన ఆలస్యంగా వచ్చారు. అప్పటికే సినిమా ఆపేసి రంగుల ఆట మొదలైంది. నేను వంటగదిలోంచి వెళ్ళి తలుపు తీసి, ఆయన్ని కూర్చోబెట్టి, వెనక్కి వచ్చాను. గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. నేను నిలబడే చోట ఆవిడ నిలబడి ఉంది. మా ఆయన గ్లాసుల వైపు చూస్తూనే చెయ్యి పక్కకి చాపారు. ఆవిడ ఆ చేతిలో ఒక సీసా పెట్టింది. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పెట్టింది తలుపు తీయడానికి వెళ్తూ నేను ఆయన చెవిలో చెప్పిన సీసానే.

ఆవిడకి చెప్పేశారన్నమాట.

వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని కనిపించినా నాకు ఇంత మండేది కాదు. అరిచి, ఏడ్చి, మా తమ్ముణ్ణి పిలిచి పంచాయితీ పెట్టేదాన్ని. దీనికి ఏమని అరుస్తాను? నా మొగుడి కంటి జబ్బు నాక్కాకుండా ఇంకొకరికి ఎందుకు తెలిసిందని అరవాలా? వింటే జనం నవ్విపోతారు. పోనీ ఆయన్నే అడుగుదామంటే భయం. అవును చెప్పాను అంటే, ఆ తర్వాత ఈ ఇంట్లో నాది అంటూ ఏం మిగులుతుంది? ఒక రోజు మాత్రం అన్నం పెడుతూ, ఆవిడ మీకు బాగానే అందిస్తోందే అన్నాను. నిమ్మకు నీరెత్తినట్టు, "మంచి మనిషి" అన్నారు, పెరుగు కలుపుకుంటూ. ఆ పెరుగు గిన్నె ఎత్తి నా నెత్తినే కొట్టుకుందామనిపించింది.

నాలుగు వారాలూ లోపల్లోపల కుతకుతలాడి, చివరికి ఒక సినిమా ఎంచాను. హోటల్లో నగలు కొట్టేసే దొంగ, ఆ హోటల్లోనే పాటలు పాడే ఒకావిడ. ఆవిడ బారు దగ్గరికొచ్చి, తన పెదాల రంగుండే మందు పొయ్యమంటుంది. కాబట్టి ఈసారి ఊహలు లేవు, తెర మీదే చెప్పేస్తారు. పెదాల రంగంటే ఎరుపు. ఎరుపంటే ఎడమ నుంచి మొదటి సీసా.

ఆ సాయంత్రం అందరూ రాకముందు సీసాలు తుడిచి వరసగా పెట్టాను. పెట్టి, మొదటి రెండూ చోట్లు మార్చాను.

నా లెక్క నాకుంది. ఆయన పక్కన ఆవిడే ఉంటుంది. సంగతి తెలిసిన మనిషైతే ఎర్ర మందులో ఆకుపచ్చ పడుతుంటే ఆపుతుంది, గుట్టుగా సీసా మారుస్తుంది. తెలియని మనిషైతే మాస్టారు ఏదో ఆలోచించే ఉంటారని ఊరుకుంటుంది. నాకు తెలియాల్సింది అంతే. మధ్యలో మా ఆయన ఏమవుతారన్నది నేను ఆలోచించలేదని చెప్పను. ఆలోచించాను, ఆవిడకి చెప్పినందుకు ఆ మాత్రం కావాల్సిందే అనుకున్నాను.

సినిమా మొదలైంది. తెర మీద సూపు వచ్చినప్పుడు పుట్టగొడుగుల సూపు ఇచ్చాను. చేప వచ్చినప్పుడు చేప ఇచ్చాను, ఒక పక్క మాడిపోయింది. పెద్దాయన భార్య ఆ మాడిన పక్కే బాగుందని మర్యాదకి అంది. పాటలావిడ బారు దగ్గరికి వచ్చి తన మాట చెప్పగానే తమ్ముడు సినిమా ఆపాడు. మా ఆయన లేచారు. నేను కాళ్ళు నొప్పులని సోఫాలోనే కూర్చుండిపోయి, "నువ్వు వెళ్ళి కాస్త సాయం చెయ్యమ్మా" అన్నాను పూలకొట్టావిడతో. మొదటిదేగా అన్నట్టు మా ఆయన నా వైపు చూశారు. తలూపాను.

లోపల్నుంచి గ్లాసుల చప్పుడు వినిపించింది. సోడా బుస్సుమంది. మాటలు మాత్రం లేవు. నా చెవులు రెండూ ఆ గుమ్మం దగ్గరే ఉన్నాయి.

పళ్ళెం వచ్చింది. మా ఆయన చీకట్లో తెర ముందు నిలబడి, మామూలు కన్నా కొంచెం ఎక్కువ హంగుతో, "ఆవిడ కోరిన రంగు. పెదాల ఎరుపు" అన్నారు. తమ్ముడు లైటు వేశాడు. ఆయన గుడ్డ తీశారు.

గ్లాసుల నిండా ఆకుపచ్చ. గడ్డి రసం పిండి పోసినట్టు ఉంది.

తమ్ముడు, "బావా, ఆవిడకి ఒంట్లో బాలేదా? పెదాలు ఆ రంగుకొచ్చాయి" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేను ఎవర్నీ చూడలేదు, పూలకొట్టావిడ మొహమే చూస్తున్నాను. ఆవిడ నవ్వట్లేదు. కళ్ళు చికిలించి గ్లాసునీ మా ఆయన్నీ మార్చి మార్చి చూస్తోంది. "నేను మీరేదో తమాషా చేస్తున్నారనుకున్నాను మాస్టారూ. ఇది ఆకుపచ్చ కదా" అంది. నటన కాదు, రోజంతా మనుషుల కళ్ళలోకి చూసే ఉద్యోగం నాది. ఆవిడకి ఏమీ తెలీదు. కిందటి నెల ఆ సీసా చేతికి దగ్గరగా ఉంటే అందించింది, అంతే.

నా కడుపు చల్లబడింది. దాచడం ఎందుకు, పండగలా ఉంది నాకు. ఆ సంతోషంలో మా ఆయన వైపు తిరిగాను.

ఆయన గ్లాసు వైపు చూశారు. వంటగది గట్టు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆ వరస ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు తను.

తమాషా అని నవ్వేసి ఊరుకోవచ్చు. తమ్ముడు దారి కూడా చూపించాడు. ఆయన ఆ దారిన వెళ్ళలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

"తమాషా కాదు. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. పుట్టుకతోనే అంతే. ఇన్నాళ్ళూ రంగులన్నీ మా ఆవిడ చెప్తే చెప్పినవే. ఇవాళ సీసాలు అటూ ఇటూ అయ్యాయి" అన్నారు.

ఎవరు మార్చారన్నది చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టేశారు. "అందుకా నువ్వు బండెక్కలేదు" అన్నారు. ఇన్నేళ్ళూ నీకు బద్ధకమనుకున్నానయ్యా, మీ నాన్న కూడా అలాగే అనుకుని పోయాడు, ఒక్క మాట చెప్పకూడదా అంటూ వచ్చి భుజం మీద చెయ్యేసి, తీయడం మర్చిపోయారు. మా ఆయన తల వంచుకుని, చిన్నగా నవ్వారు. దించుకున్న బరువు ఎంతో నాకు అప్పుడు తెలిసింది. ఆ బరువు మోయడంలో నేను సాయపడుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. దించమని ఒక్కసారి కూడా అనలేదు.

ఇక చూడాలి మా ఇంట్లో. ప్రతివాళ్ళూ రంగుల మాస్టార్లే. తమ్ముడు దిండు చూపించి, ఇది మీకెలా కనిపిస్తుంది బావా అంటాడు. పెద్దాయన భార్య తన చీర అంచు చూపించి, దీన్ని ఎరుపంటారు అని చెప్తోంది. నా ఒక్కదాని నోట్లో ఉండాల్సిన మాటలు ఇంటి నిండా పడి దొర్లుతున్నాయి. పూలకొట్టావిడ లేచి వంటగదిలోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. చేతి నుంచి రబ్బరుబ్యాండ్లు తీసి సీసాల మెడలకి వేస్తోంది. ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి రెండు.

"మాస్టారూ, ఒకసారి రండి" అని పిలిచింది. ఆయన వచ్చి, కళ్ళు మూసుకుని సీసాల మెడలు వేళ్ళతో తడిమారు. ఒకటి తీసుకుని, "ఇది ఎరుపు" అన్నారు. ఎరుపే. కొత్త గ్లాసుల్లో పోశారు. ఎవర్నీ అడగలేదు.

ఇంతా చేస్తే అంత తేలిక. కళ్ళు పరీక్ష చేసేదాన్ని, ఇన్నేళ్ళ కాపురంలో ఒక రబ్బరుబ్యాండు ఆలోచన నాకు రాలేదా? రాకేం? వస్తే ఆయన నన్ను అడగరు. అందుకే రానివ్వలేదు.

"అక్కా, మీకు కూడా రోజూ చెప్పే శ్రమ తప్పుతుంది" అంది ఆవిడ, మనస్ఫూర్తిగా. అవునమ్మా అన్నాను.

సినిమా పూర్తిచేసి, ఎర్ర మందు తాగి అందరూ వెళ్ళారు. ఆయన గ్లాసులు కడుగుతున్నారు, నేను తుడుస్తున్నాను. కేకలేస్తారని చూశాను. వేయలేదు. చివరి గ్లాసు చేతికిస్తూ, ఎందుకు అని ఒక్క మాట అడిగారు.

"ఆవిడకి మీరు చెప్పేశారేమో అనుకున్నాను."

"అడిగుంటే చెప్పేవాణ్ణి కదా, చెప్పలేదని" అన్నారు. కుళాయి కట్టేసి, "నీకు తప్ప ఎవరికి చెప్తాను?" అన్నారు.

ఆ మాట కోసమే కదా నేను అంత పని చేశాను. దొరికింది. గ్లాసు తుడుస్తూ నిలబడ్డాను, అది ఎప్పుడో ఆరిపోయింది.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర ఉన్నాను. బీరువా తలుపు చప్పుడైంది. కేక కోసం చెవులు రిక్కించాను. రాలేదు. నేనే వెళ్ళాను. ఆయన ఒక చొక్కా పట్టుకుని చూస్తున్నారు. అడగకముందే చెప్పాను, "ఆకుపచ్చది. ఆ ప్యాంటు మీదికి బాగుంటుంది, వేసుకోండి."

ఆయన చొక్కా కిటికీ వెలుతురులోకి పట్టుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగారు.

"ఆకుపచ్చేనా?"

ఆకుపచ్చే అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన ఆ చొక్కా మడత పాడవకుండా మళ్ళీ బీరువాలో పెట్టి, తెల్లది తీసుకున్నారు. తెలుపైతే ఎవర్నీ అడగక్కర్లేదు.